దోమ మందుకు అలవాటు పడుతుందా?

(మాధవరంలో సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



వానాకాలంలో బడిలో హాజరు పిలిస్తే నాలుగైదు పేర్లకు ఒకటే జవాబు: “జొరం వచ్చింది సార్.” ఇంటివాళ్లను అడిగితే, “ఎంత మందు పెట్టినా దోమలు సావడంల్యా, మందుకు అలవాటు పడినాయి” అంటారు. ఆ మాట గురించే నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

మనిషి బీడీకి అలవాటు పడినట్లు దోమ మందుకు అలవాటు పడదు. సంగతంతా పుట్టుకలో ఉంది. లెక్క కోసం వెయ్యి దోమలు అనుకోండి. వాటిలో ఏ రెండో మూడో పుట్టుకతోనే మందును తట్టుకుంటాయి. మందు కొడితే తక్కినవి చచ్చి, ఆ మూడే మిగులుతాయి. గుడ్లు పెట్టేదీ అవే. మన ఎండలకు గుడ్డు దోమ కావడానికి సుమారు పది రోజులు చాలు. రైతు మంచి కంకులను ఏరి విత్తనానికి దాచినట్లు, మనమే మందుతో గట్టి దోమలను ఏరి పెంచుతున్నాం.

ఈ గట్టితనం జన్యువుల్లో ఉంటుంది. ముఖ్యంగా రెండు తరహాలు. మొదటిది, దోమ నరాల్లో సోడియం రాకపోకలకు ఒక ద్వారం ఉంది. డి.డి.టి. దెబ్బ అక్కడే. ఆ ద్వారాన్ని కట్టే ప్రోటీనులో 1014వ చోట ల్యూసిన్ బదులు ఫినైల్ అలనిన్ వచ్చిందంటే తాళం మారినట్లే, మందు సరిగా పట్టదు. పల్లెల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ దోమలోనూ ఈ మార్పును మన దేశంలో కనిపెట్టారు. పైరిత్రాయిడ్ మందులు కొట్టేదీ ఆ ద్వారాన్నే. దోమల చుట్టలో, ప్లగ్గు సీసాలో ఉండేవి ఎక్కువగా ఆ జాతి మందులే. అందుకే పాతదాన్ని తట్టుకున్న దోమ కొత్తదానికీ లొంగకపోవచ్చు. రెండోది, మందును ఒంట్లోనే విరగ్గొట్టే ఎంజైములు కొన్ని దోమల్లో ఎక్కువగా తయారవుతాయి. మలాథియాన్ ఇలాగే పనికిరాకుండా పోతుంది.

మన దేశంలో 1953లో మలేరియా నివారణ పథకం మొదలై, డి.డి.టి. చల్లకంతో 1960ల్లో కేసులు ఏటా లక్షకు దిగాయి. 1976 నాటికి మళ్లీ 64 లక్షలకు ఎక్కాయి. కారణాలు అనేకం, మందుకు లొంగని దోమలు అందులో ఒకటి. పత్తి రైతులకు ఇది కొత్త కథ కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పైరిత్రాయిడ్లు ఎన్నిసార్లు కొట్టినా పచ్చపురుగు ఆగలేదు. చేనులో అతిగా కొట్టిన మందు కాలువల్లో, గుంతల్లో కలిసి అక్కడి దోమ పిల్లలనూ ఇలాగే ఏరుతుంది.

మరి మనం చేయదగిందేమిటి? ప్రతి శుక్రవారం తొట్లు, కుండలు, కూలర్లు వంచి, గోడలకు అంటిన గుడ్లు పోయేటట్లు తోమి ఆరబెట్టండి. మందుకు గట్టిదైనా మెత్తదైనా, నీళ్లు లేని తొట్టిలో దోమ పిల్ల బతకదు. మసీదు హౌజులో గంబూషియా చేపలు వదలాలని కమిటీవారిని కోరుతున్నాను. తెర కట్టుకుని పడుకోండి. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించండి. చేలల్లో మందు అవసరమున్నంతే వాడండి. ఒకే జాతి మందును పదేపదే కొట్టకండి.

మందులు చల్లే పని సర్కారుది. వాకిట్లో నిలిచిన నీళ్లు మాత్రం మనవి. అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యం ప్రసాదించుగాక.