గురుకులాల గేటు వద్ద కావలి: మనం అడగవలసిన ప్రశ్నలు



2016 జూన్‌లో తెలంగాణ మైనారిటీ గురుకుల విద్యాలయాలు 71 పాఠశాలలతో ఆరంభమయ్యాయి. అదే సంవత్సరం అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. నడిగడ్డ మొదలు నల్లమల అంచు వరకు ఎన్నో పేద కుటుంబాలు తమ ఆడపిల్లలను ఇల్లు దాటించి వసతి పాఠశాలలకు పంపే సాహసం చేశాయి. ఆ సాహసానికి ఆధారం ఇద్దరు: లోపల ఉపాధ్యాయురాలు, గేటు వద్ద కావలి మనిషి.

ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో ఆ కావలి మనిషి ప్రభుత్వోద్యోగి కాడు, ఏజెన్సీ పంపిన మనిషి. ప్రభుత్వం ఏజెన్సీకి చెల్లిస్తుంది. కమీషను, భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. వాటాలు పోగా మిగిలినది అతని చేతికి వస్తుంది. బిల్లు ఖజానాలో ఆగితే జీతం ఆగుతుంది. జీతం అందనివాడు పగలు మరో కూలికి పోతాడు, రాత్రి కాపలాలో కునుకు తీస్తాడు, చివరకు మానివేస్తాడు. అతని స్థానంలో వచ్చిన కొత్త మనిషి ఎవరో విచారించే తీరిక ఎవరికీ ఉండదు. కనుక అతని జీతం, మన బిడ్డల భద్రత వేర్వేరు విషయాలు కావు.

చట్టాలు లేక కాదు. 2005 నాటి ప్రైవేటు భద్రతా ఏజెన్సీల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఏజెన్సీ నడపరాదు. గార్డు నడవడిని విచారించాలి, శిక్షణ ఇవ్వాలి. 2006 నాటి కేంద్ర నమూనా నియమాలు 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్ర శిక్షణ సూచించాయి. ‘గార్డు’ అనక ‘వాచ్‌మన్’ అని రాసుకున్నంత మాత్రాన ఈ జాగ్రత్తలు అనవసరం కాజాలవు. 2020 నాటి పోక్సో నియమాలు మరింత స్పష్టం: పిల్లలతో మెలిగే ప్రతి సిబ్బందికీ, శాశ్వతమైనా కాంట్రాక్టయినా, నిర్ణీత కాలాలలో పోలీసు విచారణ జరిపించవలసిన బాధ్యత పాఠశాలదే. ఇక గుత్తేదారు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమానియే చెల్లించాలన్నది 1970లో ఒప్పంద కార్మికుల చట్టం వచ్చిన నాటి నుండి ఉన్న సూత్రం.

గుమాస్తాలుగా ఫైళ్ల నడుమ జీవితం గడిపిన మాకు తెలిసిన సత్యం ఒకటుంది: అడిగేవారు లేని నియమం ఫైలులోనే నిద్రపోతుంది. కాబట్టి తల్లిదండ్రుల సమావేశంలో నాలుగు ప్రశ్నలు అడుగుదాం. కావలివారికి పోలీసు విచారణ ఎప్పుడు జరిగింది? ఏజెన్సీకి లైసెన్సు, గార్డుకు శిక్షణ ఉన్నాయా? జీతం ఏ తేదీన అందుతోంది, భవిష్యనిధి జమ అవుతోందా? బాలికల పాఠశాలలో మహిళా గార్డు, రాత్రి కాపలాకు మార్పు మనిషి ఉన్నారా? నోటి జవాబు చాలకుంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. 30 రోజులలో జవాబివ్వాలి.

కావలి మనిషిని అనుమానించమని మేము చెప్పడం లేదు. అతడూ మన వంటి పేదింటి బిడ్డే. విచారణ పత్రం, సకాలంలో జీతం అతనికీ గౌరవమే, రక్షణే. అతని పక్షాన అడిగితే మన పిల్లల పక్షాన అడిగినట్లే.

బిడ్డలు మనకు అమానత్. వారిని గేటు దాకా దిగబెట్టి వెనుదిరగడంతో మన బాధ్యత తీరదు. దరఖాస్తు రాయడం రానివారు సంకోచించవద్దు. రాసిపెట్టడానికి మాబోటి విశ్రాంత ఉద్యోగులం సిద్ధంగా ఉన్నాము.