పదవికి విరాసత్ ఎక్కడిది?

(అంబేడ్కర్ జయంతి సందర్భంగా మండల సంఘం సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగం)



మన సంఘం అధ్యక్షుడు పోయిన ఏడాది కాలం చేసిండు. ఆయన జాగాలో ఆయన కొడుకునే కూర్చోబెట్టాలని సగం ఊళ్ళ నుండి తీర్మానాలు వచ్చినయి. వద్దని మిగతా సగం. నన్ను మాట్లాడమన్నది అందుకే. ఆ పిలగాని గురించి నేను మాట్లాడను. నా దగ్గరే చదివిండు, మంచోడు. దేశాన్ని నడిపిన నాయకుల బిడ్డల సంగతి చెప్త, విని మీరే తేల్చుకోండ్రి.

భూమి ఉన్నోడు చనిపోతే కొడుకులు తహసీల్దారు ఆఫీసుకు పోయి విరాసత్ చేయించుకుంటరు. మనలో చాలామందికి ఆ పనే పడలేదు, గుంటెడు భూమి లేదు గనక. ఈ దేశంలో సీట్లకు కూడ విరాసత్ నడుస్తున్నది. ఉత్తరప్రదేశ్‌లోని అమేథీనే తీసుకోండ్రి. 1980లో అక్కడ ఇందిరాగాంధీ చిన్న కొడుకు సంజయ్ గెలిచిండు. ఆ జూన్‌లోనే విమానం కూలి చనిపోతే, 1981 ఉపఎన్నికలో అన్న రాజీవ్ వచ్చిండు. 1999లో రాజీవ్ భార్య సోనియా, 2004లో కొడుకు రాహుల్. 2019లో జనం రాహుల్‌ను ఓడగొట్టి ఆ గెట్టు చెరిపిండ్రు. ఇందిరమ్మ అయితే తండ్రి ప్రధానిగా ఉండగానే 1959లో కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కొడుకులు, బిడ్డలు, అల్లుళ్ళ కథ మీకు నేను చెప్పాల్నా?

అదే మన ఇంట్ల రెండో తరానికి ఒక నౌకరి వస్తే, "ఇంకెన్నాళ్ళు?" అని అడుగుతరు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పులో ఏడుగురు న్యాయమూర్తులుంటే నలుగురు ఎస్సీల్లో కూడ క్రీమీలేయర్‌ను గుర్తించాలన్నరు. (అదే తీర్పులోని వర్గీకరణ సంగతి వేరు, దానికి ఇంకో సభ కావాలె.) నాలుగో తరం నాయకునికి క్రీమీలేయర్ పెట్టమన్నోణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇది పెద్ద కులాల రోగం అనుకుని నవ్వి లేద్దామంటే, మనకూ అంటింది. 1985లో బిజ్నోరు రిజర్వుడు లోక్‌సభ సీటుకు ఉపఎన్నిక జరిగింది. కాంగ్రెస్ తరఫున జగ్జీవన్ రామ్ బిడ్డ మీరాకుమార్, విదేశాంగ శాఖ కొలువు వదిలి వచ్చింది. ఎదురుగా రాంవిలాస్ పాస్వాన్, మాయావతి. మాయావతి తండ్రి తంతి తపాలా శాఖ గుమాస్తా, ఆమె ఢిల్లీలో బడిపంతులమ్మగా పనిచేసింది. గెలిచింది నాయకుని బిడ్డ.

మీరాకుమార్ చేతగాని మనిషి అని నేననను. 2009లో లోక్‌సభకు తొలి మహిళా స్పీకర్ అయ్యింది. ఇంకో మాట కూడ చెప్పాలె. ఆమె తండ్రి దేశానికి రక్షణమంత్రిగా ఉండి 1978లో కాశీలో ఒక విగ్రహాన్ని ఆవిష్కరిస్తే, ఆయన వెళ్ళినంక దాన్ని గంగనీళ్ళతో కడిగిండ్రు. మన నాయకుల బిడ్డలకు సీటుతో పాటు అదీ వస్తది. అందుకే వాళ్ళనూ దొరబిడ్డలనూ ఒకే గాటన కట్టలేను.

మరి ఆనాడు ఓడిన ఇద్దరూ ఏం చేసిండ్రు? మాయావతి 1995లో ముఖ్యమంత్రి అయ్యింది. కాన్షీరాం పెండ్లి చేసుకోలే, ఇల్లు కట్టుకోలే. 2001లో తన వారసురాలంటూ ఆమె పేరే చెప్పిండు. ఇద్దరికీ చుట్టరికం లేదు. 2007లో 206 సీట్లు గెలిచి ఎవరి పొత్తూ లేకుండ లక్నోలో కూర్చున్నది. అదే మాయావతి 2023 డిసెంబర్‌లో తమ్ముని కొడుకు ఆకాశ్ ఆనంద్‌ను వారసుడన్నది. 2024 మేలో తీసేసింది, జూన్‌లో పెట్టింది, 2025 మార్చిలో మళ్ళీ తీసేసింది, ఏప్రిల్‌లో మళ్ళీ రానిచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీకి ఒక్క సీటు రాలే. పాస్వాన్ 2020 అక్టోబర్‌లో పోయిండు. ఏడాది తిరగకముందే కొడుకు చిరాగ్, తమ్ముడు పారస్ పార్టీని చీల్చుకున్నరు. జెండా మోసినోణ్ణి ఎవరడిగిండ్రు?

ఇగ బాబాసాహెబ్ సంగతి. ఆయనకు, రమాబాయికి అయిదుగురు పిల్లలు. యశ్వంత్ ఒక్కడే దక్కిండు. గంగాధర్, రమేష్, ఆడబిడ్డ ఇందు, రాజరత్న, నలుగురూ పసితనంలోనే పోయిండ్రు. ఆయన న్యూయార్క్‌లో, లండన్‌లో చదివిన ఏండ్లల్ల ఇక్కడ ఆ తల్లి ఒంటిచేత్తో ఇల్లీదింది. చివరివాడు రాజరత్న పోయింది 1926 జూలైలో. 1927 మార్చి 20న మహాడ్ చెరువులో దిగి దోసిట నీళ్ళు పట్టిన మనిషి, కొడుకును పోగొట్టుకుని ఏడాది కూడ కాలే. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఈ సభలో ఉన్నరు, వాళ్ళకు నేను వివరించే పని లేదు.

దక్కిన ఆ ఒక్క కొడుకు ప్రెస్సు పని, పత్రిక పని చూసిండు. తండ్రి బతికుండగా ఏ చట్టసభలోనూ కూర్చోలే. బాబాసాహెబ్ 1956 డిసెంబర్ 6న పోయిండు. 1957 అక్టోబర్ 3న రిపబ్లికన్ పార్టీ పెట్టినప్పుడు, నలభై నాలుగేండ్ల కొడుకు ఉండగనే, మద్రాసు ఎన్. శివరాజ్‌ను అధ్యక్షుణ్ణి చేసిండ్రు. యశ్వంత్ బౌద్ధ మహాసభ బాధ్యత మోసిండు. 1960లో శాసనమండలికి పోయిండు. దాదర్‌లో చైత్యభూమి స్తూపం ఆయన పూనికతోనే లేచింది.

ఆ పార్టీ తర్వాత ముక్కలు చెక్కలైంది, అదీ దాచొద్దు. ముక్కలు చేసింది మనలాంటి కార్యకర్తలే. కాబట్టి కొడుకును పక్కన పెడితే చాలు, సంఘం దానంతటదే బాగుపడుతదని నేను చెప్పలేను.

కొడుకే కావాలంటున్నోళ్ళ భయం నాకు తెలుసు. బయటోడైతే దొరకు అమ్ముడుపోతడని. ఆ భయం ఉత్తది కాదు. రెండేండ్లకోసారి ఎన్నిక, మూడు నెలలకోసారి వాడకట్టులో అందరి ముందర చందాల లెక్క చదవాలె అని రాసుకుందాం. కొడుకు కూడ నిలబడొచ్చు, అందరి లెక్కనే చేతులెత్తించుకుని. ఆయన కుటుంబానికి మనం బాకీ ఉన్నమాట నిజం. కోర్టు వాయిదాలకు తిరిగి అప్పుల పాలయిండు, చిన్న బిడ్డ ఇంటర్ ఫీజు ఇంకా కట్టలేదు. ఆ బాకీని చందాలేసుకుని తీరుద్దాం, కుర్చీ ఇచ్చి తీర్చామనుకోవద్దు. నా వంతు ఇప్పుడే రాసుకోండ్రి.

కమిటీకి పేర్లు ఆదివారం దాక ఇయ్యొచ్చు. ఇప్పటికి పదకొండు వచ్చినయి, పదకొండూ మగోళ్ళవే. అక్కలు చూసుకోవాలె.

జై భీమ్.