దారిలో దిగి చూద్దాం



మనలో రైలెక్కని వాళ్లు ఉండరు. అయితే ఎందుకెక్కామో ఒక్కసారి లెక్క వేసుకోండి. అమ్మాయి పురిటికి, మేనల్లుడి పెళ్లికి, మావగారి ఆబ్దికానికి, తిరుపతి మొక్కుకి. పని మీద వెళతాం, పని కాగానే తిరుగు బండి పట్టుకుంటాం. ఒక ఊరిని చూడటానికే టిక్కెట్టు కొనుక్కున్న వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈవేళ అటువంటి ప్రయాణం ఒకటి మీకు చెబుతాను. ఇందుకు ఆగ్రాలూ, జయపూర్లూ వెళ్లనక్కరలేదు. 1336లో వెలసిన విజయనగర రాజ్యం మొదట హంపీలో, తరవాత పెనుకొండలో, ఆ పైన చంద్రగిరిలో కొలువు తీరింది. ఆ మూడు రాజధానులనూ వరసగా రైల్లోనే చూసి రావచ్చు.

మొదటిది హంపీ. నరసాపురం నుంచి హుబ్బళ్లి వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా హోస్పేట చేరుస్తుంది. ఇప్పుడు ఆ ఊరిని హోసపేటె అంటున్నారు. అక్కణ్ణించి హంపీ 13 కిలోమీటర్లు. ఒక్కరోజులో తేలే ఊరు కాదు, రెండు రోజులన్నా ఉంచుకోండి. విఠలాలయం ముందు రాతిరథం సంగతి అందరికీ తెలిసిందే. హజార రామాలయం గోడల మీద రామాయణమంతా బొమ్మలుగా చెక్కి ఉంది. పిల్లల్ని చెయ్యి పట్టుకుని గుడి చుట్టూ తిప్పుతూ కథ చెప్పారంటే, వాళ్లిక జన్మలో మరిచిపోరు.

మహర్నవమి దిబ్బ దగ్గర మాత్రం కాస్త సేపు కూర్చోండి. 16వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు ఒక ముచ్చట రాసిపెట్టాడు. రాజుగారి నగరులో కుస్తీ పట్టే ఆడవాళ్లున్నారట, జ్యోతిషం చెప్పేవాళ్లున్నారట, లోపలి ఖర్చుల పద్దులన్నీ రాసేది కూడా ఆడవాళ్లేనట! పాల లెక్క, చాకలి పద్దు రాసుకునే మనకి ఈ మాట వింటే ఎంత హుషారుగా ఉంటుందో చెప్పండి. మధురా విజయం రాసిన గంగాదేవి, వరదాంబికా పరిణయం రాసిన తిరుమలాంబ ఆ రాజ్యపు వాళ్లే.

1565 జనవరిలో జరిగిన యుద్ధంలో రామరాయలు హతుడయ్యాడు. తమ్ముడు తిరుమలరాయలు, పేరుకి రాజైన సదాశివరాయలని వెంటబెట్టుకుని పెనుకొండకి తరలిపోయాడు. మనమూ అటే పోదాం. గుంతకల్లు వెనక్కి వచ్చి, అనంతపురం, ధర్మవరం మీదుగా బెంగుళూరు వెళ్లే దారిలో పెనుకొండ ఉంది. పెద్ద బండ్లన్నీ అక్కడ ఆగవు, ముందే కనుక్కోండి. ఊళ్లో గగన్ మహలు, పాత గుళ్లు, జైనుల పార్శ్వనాథాలయం, బాబయ్య దర్గా ఉన్నాయి. పైన కొండ మీద కోట.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. కూతురు బెంగుళూరులో కాపురం. ఏడాదికి రెండుసార్లు ఆ దారినే వెళ్లివచ్చేవారు. “పెనుకొండ రాగానే కిటికీలోంచి కొండ కనిపిస్తుందే అమ్మాయ్, ఓసారి దిగి చూడాలి” అనేవారు. పిల్లల పెళ్లిళ్లు కానీ అన్నారు, మనవలు పెద్దవాళ్లు కానీ అన్నారు. తీరా తీరిక చిక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి. ఆ కొండ ఆవిడకి కిటికీలోనే ఉండిపోయింది. డబ్బు లేకా కాదు, ఇంట్లో వద్దన్నారనీ కాదు. “నాకు చూడాలని ఉంది” అన్న మాట గట్టిగా నోటివెంట రాలేదు, అంతే.

మూడోది చంద్రగిరి. ధర్మవరం దాకా వెనక్కి వచ్చి, కదిరి, మదనపల్లె రోడ్డు, పీలేరు మీదుగా పాకాల వెళ్లే బండి ఎక్కాలి. ధర్మవరంలో బండి మారేటప్పుడు పట్టుచీరల వైపు మనసు లాగుతుంది, పర్సు జాగ్రత్త! పాకాల దాటి తిరుపతి వెళ్లే దారిలోనే చంద్రగిరి. వెంకటపతిరాయలు 16వ శతాబ్దం చివర రాజధానిని ఇక్కడికి మార్చాడు. కొండ కింద మూడంతస్తుల రాజమహలు, పక్కనే రాణీమహలు ఉన్నాయి. రాజమహలు కప్పులకి కలప వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నమే. లోపల మ్యూజియం ఉంది. పురావస్తుశాఖ మ్యూజియాలకి శుక్రవారం సెలవు, చూసుకుని బయలుదేరండి. 1639లో ఇంగ్లీషువాళ్లు మద్రాసులో కోట కట్టుకోవడానికి అనుమతి పొందినప్పుడు ఆ నేల ఈ చంద్రగిరి రాజు ఏలుబడిలోదే. తిరుపతికి ఇంత దగ్గర, పట్టుమని పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. అయినా ఏటా కొండకి వెళ్లే వాళ్లలో ఎంతమంది ఇటు తొంగిచూశారు?

“ఇల్లు కదిలితే పొయ్యెవరు చూస్తారండీ?” అంటారు మీరు. నాలుగు రోజులు ఇంట్లో వాళ్లే చూసుకుంటారు. అన్నం వండుకోవడం వాళ్లకీ తెలిసి వస్తుంది. తోటివాళ్లు నలుగురు కలిస్తే ఖర్చు తగ్గుతుంది, తోడూ ఉంటుంది. పులిహోర, మంచినీళ్లు, గొడుగు, పాత చెప్పులు చాలు. వేసవి వద్దు, ఆ రాళ్ల మీద కాళ్లు కాలిపోతాయి. కార్తీకం నుంచి మాఘం దాకా హాయిగా ఉంటుంది. ఒక్క మాట, పిల్లలు గోడల మీద పేర్లు గీకకుండా చూసే బాధ్యత మనదే. అయిదువందల ఏళ్లు నిలిచిన బొమ్మని మేకుతో గీస్తే మళ్లీ చెక్కేవాళ్లు లేరు.

మూడు ఊళ్లూ ఒక్కసారే కుదరకపోతే పోనీండి. ఈసారి తిరుపతి వెళ్లినప్పుడు ఒక పూట మిగుల్చుకుని చంద్రగిరితో మొదలుపెట్టండి. మోకాళ్లు మాట వింటున్నప్పుడే సుమా!

ఇక సెలవు.