గర్భసంచి తీయించుకునే ముందు



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సంఘాల్లో అప్పు దేనికని అడిగితే, గర్భసంచి ఆపరేషన్‌కు అనే మాట వింటూనే ఉన్నాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నోళ్ళు దేశంలో నూటికి 3 మంది; మన రాష్ట్రంలో దాదాపు 9 మంది.

పిల్లలు పుట్టినాక దాంతో పనేముందిలే అనుకుంటాం. పని ఉంది. గర్భసంచికి రెండు పక్కలా ఉండే అండాశయాల్లో ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారవుతుంది. ఎముకలకు బలం అదే. అండాశయాలు కూడా తీసేస్తే, యాభై ఏళ్ళ దగ్గర రావాల్సిన ముట్లుడిగే దశ ఆపరేషన్‌తోనే వచ్చేస్తుంది. ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, ఎముకలు గుల్లబారతాయి. గర్భసంచి ఒక్కటే తీసినా, కొందరిలో అండాశయాలు తొందరగా పని మానేస్తాయి.

తెల్లబట్ట, నడుమునొప్పి ఉన్నంత మాత్రాన గర్భసంచి తీయాల్సిన పనిలేదు. ముట్టు ఎక్కువైతే రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, స్కానింగ్ చేయించుకుందాం. చాలావాటికి మందులున్నాయి. క్యాన్సర్ అని తేలితే మాత్రం ఆలస్యం చేయొద్దు.

డాక్టరును మూడు మాటలు అడుగుదాం: జబ్బు పేరేంది? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా? ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకూ చూపిద్దాం.

ఇప్పటికే తీయించుకున్నోళ్ళు దిగులుపడొద్దు. రాగిసంగటి, నువ్వులు, పాలు తీసుకుంటూ, రోజూ నడుస్తూ, ఎముకల సంగతి డాక్టరును అడగండి.

ఇకమీద ఆపరేషన్‌కని అప్పు అడిగిన అక్క వెంట, సంఘం నుంచి ఒకరం ఆసుపత్రికి తోడుపోదాం.