తినేవారిని బట్టే ముప్పు లెక్క

పెబ్బేరు మత్స్యశాస్త్ర కళాశాలలో విద్య ముగించి నేడు పట్టాలు అందుకుంటున్న విద్యార్థులకు, వారిని ఇంతవరకు చదివించిన తల్లిదండ్రులకు అభినందనలు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో జూరాల జలాశయం మొదలు సోమశిల దగ్గరి శ్రీశైలం వెనుక జలాల వరకు ఎన్నో కుటుంబాలు కృష్ణమ్మనూ వలనూ నమ్ముకొని బతుకుతున్నాయి. అయితే గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి సాగుకు పురుగుమందులు విరివిగా వాడుతున్నారు. ఎగువన రాయచూరు వద్ద బొగ్గుతో విద్యుత్తు తయారవుతున్నది, బొగ్గు మండినప్పుడు అందులోని పాదరసం గాలిలో కలిసి, చివరికి నీటిలోకీ చేరగలదు. ఇంతమాత్రాన ఇక్కడి చేప విషమని తీర్మానించడం తగదు గాని, చేపలో ఏ రసాయనాల కోసం వెతకాలో ఈ వివరాలే చెబుతాయి. ముప్పు అంచనాలో ఈ తొలి మెట్టునే హాని గుర్తింపు అంటారు.

ఎంత మోతాదుకు ఎంత హాని కలుగుతుందో తేల్చడం రెండవ మెట్టు. ఉదాహరణకు పాదరసాన్నే తీసుకుందాం. నీటి అడుగు బురదలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ మెర్క్యూరీగా మారుస్తాయి. చిన్న చేపను పెద్ద చేప తినే కొద్దీ అది పేరుకుపోతుంది కనుక, బొచ్చెలో కంటే వాలుగ, కొర్రమీను వంటి వేటచేపల్లో ఎక్కువగా చేరే అవకాశం ఉంది. అది కండలోనే ఉంటుంది కాబట్టి ఎంత కడిగినా, ఎంత ఉడికించినా పోదు. నాడీమండలాన్ని అది ఎలా దెబ్బతీస్తుందో, జపాన్‌లోని మినమాటాలో 1956లో గుర్తించిన వ్యాధి ద్వారా తర్వాత తెలిసింది. వారానికి శరీరపు ప్రతి కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షవ వంతు) దాటరాదని అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘం 2003లో నిర్ణయించింది.

ఎవరు ఎంత తింటున్నారో కొలవడం మూడవ మెట్టు, ఆ కొలతను పరిమితితో పోల్చి చూడడం నాలుగవది. కిలోకు 0.2 మిల్లీగ్రాముల మిథైల్ మెర్క్యూరీ ఉన్న చేప దేశపు ప్రమాణమైన 0.25కు లోబడే ఉంటుంది. 60 కిలోల తల్లి ఆ చేపను వారానికి 200 గ్రాములు తింటే ఆమెకు చేరేది కిలో బరువుకు 0.67 మైక్రోగ్రాములే, 15 కిలోల బిడ్డ 150 గ్రాములు తింటే మాత్రం 2 మైక్రోగ్రాములు చేరి పరిమితి దాటుతుంది. ఒకే కుండలోని పులుసు తల్లికి క్షేమమైనా బిడ్డకు కాకపోవచ్చు.

అందువల్ల సగటు మనిషి భోజనాన్ని ఆధారం చేసుకున్న లెక్క చాలదు. అమ్ముడుపోని చేప ఇంటి కూరగా మారే మత్స్యకారుల పిల్లలను, గర్భిణులను ముందు లెక్కించాలి. చేప ఇచ్చే మాంసకృత్తులు పేదింటికి తేలికగా దొరకవు గనుక, వట్టి భయం పుట్టించడం కూడా హానికరమే. ఏ చేప, ఎంత పరిమాణంలో, ఎవరు, వారానికి ఎన్నిసార్లు తినవచ్చో పరీక్షించి, అంగట్లోనూ అంగన్‌వాడీలోనూ తెలుగులో తెలియజెప్పడమే ఈ పట్టభద్రుల మొదటి కర్తవ్యం.