అణు వ్యర్థం చివరికి ఎవరి చేతికి చేరుతుంది?

(ఢిల్లీలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అణు వ్యర్థాలు అనగానే మనకు తారాపూర్, కల్పాక్కం గుర్తొస్తాయి. నేను మాత్రం ఇదే ఢిల్లీలోని మాయాపురితో మొదలుపెడతాను.

1985 నుంచి మూలన పడి ఉన్న ఒక గామా యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విశ్వవిద్యాలయం పాత సామాను కింద వేలం వేసింది. అది మాయాపురి స్క్రాప్ మార్కెట్‌కు చేరింది. లోపల కోబాల్ట్-60 ఉందని తెలియని కూలీలు సీసం కవచాన్ని ఊడదీశారు. ఏప్రిల్‌లో ఒక్కొక్కరే ఆస్పత్రి పాలయ్యారు. 26న ఒక కార్మికుడు చనిపోయాడు.

కోబాల్ట్-60 శక్తి ప్రతి 5.27 ఏళ్లకు సగమవుతుంది. అంటే మూలన పడున్న 25 ఏళ్లలో సుమారు 27వ వంతుకు పడిపోయింది. అయినా ప్రాణం తీసింది.

ఇప్పుడు దేశ ప్రణాళిక చూడండి. రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని ప్రభుత్వం చెత్త అనదు, వనరు అంటుంది. దాన్ని ఆమ్లంలో కరిగించి ప్లుటోనియం, యురేనియం వేరు చేస్తారు. అదే రీప్రాసెసింగ్. మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజుగా మార్చి, ఉక్కు డబ్బాల్లో మూసి, దశాబ్దాల పాటు చల్లారుస్తారు. ఆ తర్వాత భూగర్భంలో శాశ్వతంగా దాచాలి. ఆ చోటు మన దేశంలో ఇంకా కట్టలేదు. ఈలోగా 2025 డిసెంబరులో శాంతి చట్టం అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించింది. తీవ్ర వ్యర్థాల బాధ్యత మాత్రం కేంద్రానిదే. లాభంలో కంపెనీకి వాటా ఉంది. వ్యర్థం మాత్రం ప్రజల నెత్తిన.

ఈ ప్రణాళికలో గాజుకు, ఉక్కుకు చోటుంది. మనిషికి ఏది? ఈ దేశంలో చెత్త పనికి కులం ఉంది. మ్యాన్‌హోల్‌లోకి దిగేదెవరో మనకు తెలుసు. తుక్కు కోసే చేతులూ ఎక్కువగా దళితులవి, ముస్లింలవి, వలస కూలీలవే. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం వ్యర్థాల చెరువు పక్క రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

మనం కరెంటుకు వ్యతిరేకం కాదు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబే విద్యుత్ ప్రణాళికకూ పునాది వేశారు. ఆ కరెంటు పేదరికాన్ని పోగొట్టడానికేనని చెప్పారు. కార్మికుడి భద్రతను ఆయన ప్రణాళిక బయట పెట్టలేదు.

అందుకే మనం అడగాల్సినవి మూడు. విశ్వవిద్యాలయాల్లో, ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో ఉన్న ప్రతి రేడియోధార్మిక పరికరం లెక్క ప్రజల ముందుండాలి. ప్రతి స్క్రాప్ మార్కెట్‌లో రేడియేషన్‌ను పట్టే యంత్రం, కూలీలకు వాళ్ల భాషలో శిక్షణ ఉండాలి. శాశ్వత నిల్వకు చోటు వెతికే రోజున, అక్కడి గ్రామసభ వద్దంటే ఆగాలి.

మాయాపురిలో చనిపోయిన మనిషికి తన చేతిలో ఉన్నది ఏమిటో ఎవరూ చెప్పలేదు. రేపు ఇంకెవరి చేతికీ అలా చేరకూడదు.

జై భీమ్.