చలికాలం తోటకు సాల్వియా

చలికాలంలో పార్కుల్లో ఎర్రగా బారులు తీరి కనిపించే పూలమొక్క సాల్వియా. పుట్టిల్లు బ్రెజిల్, కుటుంబం తులసిది. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడండి, నాలుగు పలకలుగా తగులుతుంది. ఈమధ్య చాలామంది నానబెట్టుకుని తాగుతున్న చియా గింజలు కూడా ఒక రకం సాల్వియావే!

మన మైదానాల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నారు పోసుకోవాలి. ఈ విత్తనం మొలవడానికి వెలుతురు కావాలి. అందుకే లోతుగా పాతకుండా, మెత్తని మట్టి మీద చల్లి, అరచేత్తో అదిమి, నీళ్లు చిలకరిస్తే చాలు. దాదాపు రెండు వారాల్లో మొలకలొస్తాయి. నారు అందుకున్నాక జానెడు ఎడంతో నాటండి. మొక్క కాస్త నిలదొక్కుకోగానే కొస గిల్లేయండి. మనసొప్పదు గానీ, గిల్లితేనే పక్క కొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది.

పువ్వును దగ్గరగా చూస్తే ఓ తమాషా ఉంది. సన్నని గొట్టంలాంటి అసలు పువ్వు త్వరగా రాలిపోతుంది. దాన్ని పట్టుకున్న ఎర్రని రక్షకపత్రాల గిన్నె మాత్రం చాలా రోజులు రంగు చెదరకుండా ఉంటుంది. దూరం నుంచి మనం పువ్వనుకునేది ఎక్కువగా దాన్నే.

కుండీలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. యూరియా మోతాదు మించితే ఆకులే తప్ప పూలుండవు. వాడిన కంకులు కత్తిరిస్తుంటే కొత్తవి వస్తాయి. ఎండలు ముదిరితే ఎర్ర రకం డీలాపడుతుంది. వేడికి ఓర్చేది కావాలంటే నీలి సాల్వియా వేసుకోండి. విత్తనాలు కొనేటప్పుడు పొట్టి రకమో, పొడుగు రకమో అడగడం మరవకండి. కుండీలకు పొట్టి రకమే మేలు.